అడుగంటిన బ్యాటరీ: నిమ్మతోట డైరీ

పని: గూడూరు దగ్గర మా నిమ్మతోట గదిలో ఉన్న 12.8 వోల్టుల, 100 ఏహెచ్ (ఆంపియర్ గంటల) లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ మళ్లీ అడుగంటకుండా చూడటం. దానికి ఛార్జి ఎంత మిగిలిందో చూపే మానిటర్ అమర్చి, అది చూపించే అంకెను నమ్మదగినదిగా చేయడం.

ఉన్న సామగ్రి: 330 వాట్ల సోలార్ ప్యానెల్, ప్యానెల్ కరెంటుతో బ్యాటరీని ఛార్జి చేసే ఎంపీపీటీ కంట్రోలర్, వరసగా కలిపిన నాలుగు సెల్‌లు, ఆ సెల్‌లను కాపాడే సర్క్యూట్ అయిన 100 ఆంపియర్ల బీఎంఎస్, 900 వీఏ ఇన్వర్టర్. గదిలో మా బాబాయి ఉంటారు. నేను చెన్నై నుంచి వారాంతాల్లో రైల్లో వెళ్లి ఈ పని చేశాను. అందుకే తేదీల మధ్య ఎడం ఎక్కువ.

దశ 0: నష్టం లెక్క (16 డిసెంబరు 2023)

డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకు ముందు మూడు రోజులు మా తోటలో ఎండ పొడ లేదు. 5వ తేదీ రాత్రి గదిలో అన్నీ ఆగిపోయాయి. మరునాడు బాబాయి నెల్లూరులో కూతురి ఇంటికి వెళ్లి 14న తిరిగి వచ్చారు. ఈలోగా ఎండలు బాగానే కాశాయి. అయినా బ్యాటరీకి ఛార్జి ఎక్కలేదు.

పెట్టె మూత తీసి మల్టీమీటరుతో ఒక్కొక్క సెల్‌ను కొలిచాను.

సెల్ 1: 2.71 వోల్టులు
సెల్ 2: 2.66
సెల్ 3: 1.31
సెల్ 4: 2.78

మూడో సెల్ మీద మీటరు ముళ్లు రెండుసార్లు తీసి పెట్టాను. అంకె మారలేదు. ఈ రకం సెల్‌కు తయారీదారులు సాధారణంగా ఇచ్చే కింది హద్దు 2.5 వోల్టులు. అంతకంటే బాగా దిగువకు పోయి అక్కడే ఉండిపోతే లోపలి రాగి రేకు కరగడం మొదలుకావచ్చు. తిరిగి ఛార్జి చేసినప్పుడు ఆ రాగి వేరేచోట పేరుకుని లోపల్లోపలే షార్ట్ కావచ్చు. వోల్టేజీ పైకి వచ్చినంత మాత్రాన సెల్ బతికిందని అనుకోకూడదు.

బీఎంఎస్ ఉండగా ఇలా ఎందుకు జరిగింది? మూడు కారణాలు దొరికాయి. మూడూ విడివిడిగా చిన్నవే, కలిస్తేనే సెల్ పోయింది.

మొదటిది, ఇన్వర్టర్. దాని లో-బ్యాటరీ కట్ (తనంతట తాను ఆగిపోయే వోల్టేజీ) 10.5 వోల్టులు, మార్చడానికి వీల్లేదు. అది లెడ్ యాసిడ్ బ్యాటరీ కోసం పెట్టిన అంకె. మూడు సెల్‌లు 2.77 దగ్గర ఉండి నాలుగోది 2.2కి పడిపోయినా మొత్తం 10.51 అవుతుంది. అంటే ఇన్వర్టర్ దృష్టిలో ఇంకా బాగానే ఉన్నట్టు.

రెండోది, బీఎంఎస్ సొంత వాడకం. ఒక సెల్ 2.5 వోల్టులకు రాగానే అది లోడ్లను (కరెంటు వాడే పరికరాలను) కోసేసింది. కానీ తాను బతకడానికి సెల్‌ల నుంచే కరెంటు తీసుకుంటూ ఉంది. సెల్‌ల నెగటివ్‌కూ బీఎంఎస్‌కూ మధ్య మీటరును వరసలో పెట్టి కొలిస్తే 9 మిల్లీ ఆంపియర్లు. రోజుకు 0.216 ఏహెచ్, తొమ్మిది రోజులకు 1.9 ఏహెచ్. అప్పటికే ఖాళీ అయిన సెల్‌కు ఇది చిన్న మొత్తం కాదు.

మూడోది నాకు అసలు తట్టనిది. మా కంట్రోలర్ బ్యాటరీ వైపు వోల్టేజీ కనిపిస్తేనే నిద్ర లేస్తుంది. బీఎంఎస్ తలుపు వేసేయడంతో టెర్మినళ్ల దగ్గర వోల్టేజీ లేదు. నెత్తిన ఎండ కాస్తున్నా కంట్రోలర్ మేలుకోలేదు. రక్షణ కోసం వేసిన తలుపే ఛార్జిని కూడా ఆపేసింది.

అదే రోజు క్లాంప్ మీటరుతో ఒక్కో లోడు కొలిచి రోజువారీ ఖర్చు రాసుకున్నాను.

కెమెరాలు రెండు: 0.84 ఆంపియర్లు, 24 గంటలు, 20.2 ఏహెచ్
రూటర్: 0.46 ఆంపియర్లు, 24 గంటలు, 11.0 (మొత్తం 31.2)
లైట్లు: 1.4 ఆంపియర్లు, 5 గంటలు, 7.0 (మొత్తం 38.2)
ఫ్యాను: 2.1 ఆంపియర్లు, 8 గంటలు, 16.8 (మొత్తం 55.0)
ఇన్వర్టర్ ఊరికే ఆన్‌లో ఉంటే: 0.9 ఆంపియర్లు, 24 గంటలు, 21.6 (మొత్తం 76.6)

చివరి వరస చూసి చాలాసేపు కూర్చున్నాను. ఏమీ నడపని ఇన్వర్టర్ రెండు కెమెరాల కంటే ఎక్కువ తింటోంది.

దశ 1: మూడో సెల్ (డిసెంబరు 2023 – జనవరి 2024)

ఈ దశను ఎవరూ అనుకరించవద్దు. సెల్ పోయిందో లేదో రుజువు చేసుకోవడానికి మాత్రమే, మనిషిని దగ్గర ఉంచుకుని, ఆరుబయట ఇటుకల మీద పెట్టి చేశాను.

1. బెంచ్ పవర్ సప్లైని ముందుగా 3.60 వోల్టులకు, 2 ఆంపియర్లకు పెట్టి, ఆ తర్వాతే సెల్‌కు కలిపాను.
2. 3.0 వోల్టులు దాటాక 5 ఆంపియర్లకు పెంచాను.
3. నిండాక వైర్లు తీసేసి 72 గంటలు వదిలేశాను.

మిగతా మూడు సెల్‌లను కూడా ఇలాగే నింపి పక్కన పెట్టాను. 72 గంటల తర్వాత అవి 3.34, 3.34, 3.35. మూడోది 3.21. ఇంకో వారానికి 3.17. ఏ లోడూ లేకుండా లోపలే కారిపోతోంది. దాన్ని మళ్లీ బ్యాటరీలో పెట్టడం అంటే తక్కిన మూడింటికీ గుదిబండ కట్టడమే. టెర్మినళ్లకు టేపు చుట్టి, అనుమతి ఉన్న రీసైక్లింగ్ కేంద్రానికి ఇచ్చాను. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల కిందకు లిథియం బ్యాటరీలు కూడా వస్తాయి. పాత ఇనుము కొనే దుకాణానికి వేయవద్దు.

కొత్త సెల్, రవాణాతో కలిపి: 5,900 రూపాయలు.
ఇప్పటిదాకా ఖర్చు: 5,900.

దశ 2: సమం చేయడం, అసలు సామర్థ్యం కొలవడం (27 జనవరి – 11 ఫిబ్రవరి)

పాత సెల్‌లు మూడు, కొత్తది ఒకటి. వీటిని అలాగే వరసలో కలిపితే ఏదో ఒకటి ముందే నిండి బీఎంఎస్ ఛార్జిని ఆపేస్తుంది.

1. వరసలో కలిపి బీఎంఎస్‌తో దాదాపు నిండేవరకు ఛార్జి చేశాను.
2. విడదీసి నాలుగు పాజిటివ్‌లు ఒకవైపు, నాలుగు నెగటివ్‌లు ఒకవైపు కలిపాను.
3. సప్లై 3.60 వోల్టులు, 10 ఆంపియర్లు. కరెంటు 0.5 ఆంపియర్లకు తగ్గేవరకు ఆగాను. 17 గంటలు పట్టింది.
4. మళ్లీ వరసలో కలిపి, నట్లు బిగించి, సెల్‌లను కలిపే లోహపు పట్టీ, అంటే ప్రతి బస్‌బార్ మీద వోల్టేజీ నష్టం కొలిచాను. ఒకచోట మిగతా వాటికి మూడింతలు ఉంది. విప్పి గరుకు కాగితంతో రుద్ది బిగిస్తే సరిపోయింది.

తర్వాత సామర్థ్యం. లేబుల్ మీద ఉన్న 100ను మానిటర్‌కు ఇవ్వదలచుకోలేదు. కారు హెడ్‌లైట్ల 55 వాట్ల హాలోజన్ బల్బులు నాలుగు ఒక చెక్కకు బిగించి లోడుగా వాడాను. సగటున 17.7 ఆంపియర్లు. ఏదైనా ఒక సెల్ 2.8 వోల్టులకు రాగానే ఆపాలి. మొదట పడింది రెండో సెల్, 5 గంటల 20 నిమిషాలకు. 94.4 ఏహెచ్.

ఈ పరీక్షలోనే ఇంకో పని చేశాను. ప్రతి కొన్ని ఏహెచ్‌లకు బల్బులు ఆపి, 1.3 ఆంపియర్ల చిన్న లోడు మాత్రమే ఉంచి, పావుగంట ఆగి, మిగిలిన ఛార్జి శాతం పక్కన వోల్టేజీ రాసుకున్నాను. ఆ 1.3 కెమెరాలు, రూటర్ కలిపి తీసుకునే కరెంటు.

40 శాతం: 13.12 వోల్టులు
30 శాతం: 13.03
20 శాతం: 12.92
15 శాతం: 12.85
10 శాతం: 12.77
5 శాతం: 12.45

40 నుంచి 10 శాతానికి దిగితే మారింది 0.35 వోల్టులే. ఆ తర్వాత 5 శాతంలో 0.32 పడింది. చెరువు ఎండుతున్నా గట్టు మీద నుంచి చూసేవాడికి నీరు తగ్గినట్టు కనిపించదు. కనిపించేసరికి బురదే మిగులుతుంది. ఈ పట్టిక నా సెల్‌లది, నా వాతావరణానిది. మీ బ్యాటరీకి మీరే కొలుచుకోండి. ఒక రోజు పని, కానీ తర్వాతి నిర్ణయాలన్నీ దీని మీదే నిలబడ్డాయి.

బీఎంఎస్‌లో సెల్ కింది హద్దును 2.5 నుంచి 2.8కి, తిరిగి కలిపే హద్దును 3.0కి మార్చాను.

బల్బులు, హోల్డర్లు: 480. ఇప్పటిదాకా ఖర్చు: 6,380.

దశ 3: షంట్ అమరిక, మొదటి తప్పు (24 ఫిబ్రవరి – 9 మార్చి)

రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) ఉన్న మానిటర్ తీసుకున్నాను. దానితో వచ్చిన షంట్, అంటే కరెంటు కొలిచే చిన్న నిరోధం, 500 ఆంపియర్లకు 50 మిల్లీవోల్టులు, అంటే 0.1 మిల్లీ ఓమ్. బ్యాటరీ నెగటివ్ దారిలో కూర్చుని లోపలికి, బయటికి వెళ్లే ప్రతి ఆంపియర్‌నూ లెక్కపెట్టడమే దాని పని.

వారం తర్వాత బాబాయి ఫోను చేశారు. "ఒరేయ్ అబ్బాయ్, మీటరు 22 చూపిస్తోంది. ఎండ మాత్రం మండిపోతోంది."

బ్యాటరీ వోల్టేజీ చదవమన్నాను. 14.1. నిండిన బ్యాటరీకి మానిటర్ 22 శాతం చూపిస్తోంది.

తప్పు నాదే. ఇన్వర్టర్, లోడ్ల నెగటివ్‌లను షంట్ అవతలికి మార్చాను. కంట్రోలర్ నెగటివ్ వైరు మాత్రం పాత లగ్గుతో (వైరు చివర బిగించే లోహపు ఉంగరంతో) నేరుగా బ్యాటరీ నెగటివ్ బోల్టు కిందే ఉండిపోయింది. బయటికి పోయేది లెక్కలోకి వచ్చింది, లోపలికి వచ్చేది రాలేదు.

సరిచేసిన తర్వాత పాటించిన నియమం: బ్యాటరీ నెగటివ్ బోల్టు కింద ఒకే ఒక్క లగ్గు, అది షంట్‌కు వెళ్లేది. ఇంకే వైరూ అక్కడ ఉండకూడదు. పెట్టె మూత లోపల ఈ మాట మార్కరుతో రాసి పెట్టాను.

మానిటర్: 10,500. లగ్గులు, 16 చదరపు మిల్లీమీటర్ల వైరు, బస్‌బార్, ఫ్యూజు: 2,350. ఇప్పటిదాకా ఖర్చు: 19,230.

దశ 4: మానిటర్ విలువలు, రెండో తప్పు (10 మార్చి – 7 ఏప్రిల్)

ఫ్యాక్టరీ నుంచి వచ్చిన విలువలు లెడ్ యాసిడ్‌కు తగినవి. నేను మార్చినవి ఇవి.

సామర్థ్యం: 94 ఏహెచ్.
ప్యూకర్ట్ విలువ: 1.25 నుంచి 1.05. వేగంగా వాడితే బ్యాటరీ తక్కువ ఇస్తుందని 1897లో జర్మనీకి చెందిన ప్యూకర్ట్ లెడ్ యాసిడ్ మీద చెప్పిన సూత్రం ఇది. లిథియంకు ఆ ప్రభావం చాలా తక్కువ.
ఛార్జి సామర్థ్య శాతం (ఎక్కించిన దానిలో నిలిచేది): 95 నుంచి 99.

ఇంతవరకు చేసి, "నిండినట్టు గుర్తించే వోల్టేజీ"ని 13.2 దగ్గరే వదిలేశాను. దాని ఫలితం మార్చి 30న తెలిసింది.

మానిటర్ తన లెక్కను ఎప్పటికప్పుడు సరిచేసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. వోల్టేజీ ఒక హద్దు దాటి, ఛార్జి కరెంటు ఒక హద్దు కంటే తగ్గి, ఆ స్థితి కొన్ని నిమిషాలు నిలిస్తే బ్యాటరీ నిండిందని భావించి అంకెను 100 చేస్తుంది. ఫ్యాక్టరీ హద్దులు 13.2 వోల్టులు, సామర్థ్యంలో 4 శాతం కరెంటు, 3 నిమిషాలు. నా బ్యాటరీ ఛార్జి అవుతూ సగం నిండేసరికే 13.2 దాటుతుంది. ఆ సమయంలో మబ్బు అడ్డొచ్చి కరెంటు 3.8 ఆంపియర్లకు తగ్గితే చాలు. ఆ రోజు ఉదయం 9 గంటల 40 నిమిషాలకు మానిటర్ 51 నుంచి 100కు గెంతింది. చరిత్ర గ్రాఫులో నిలువు గోడలా కనిపించింది.

దీని తీవ్రత ఆలోచించండి. అసలు 51 ఉన్నచోట 100 అని చూపించే మానిటర్, 20 దగ్గర లోడ్లు కోయమంటే ఎప్పటికీ కోయదు. అది 49 చూపించే సమయానికి బ్యాటరీ ఖాళీ. మానిటర్ లేకపోవడం కంటే ఇది ప్రమాదం, ఎందుకంటే మనిషి నిశ్చింతగా ఉంటాడు.

మార్చినవి:
1. కంట్రోలర్ అబ్జార్ప్షన్ వోల్టేజీ (ఛార్జి చివర్లో నిలిపి ఉంచేది) 14.2గా స్థిరపరిచాను.
2. మానిటర్‌లో నిండిన వోల్టేజీ 14.0. కంట్రోలర్ చేరుకునే అంకె కంటే కాస్త తక్కువ, మధ్యలో అనుకోకుండా తగిలే అంకె కంటే బాగా ఎక్కువ.
3. టెయిల్ కరెంట్ (పైన చెప్పిన ఛార్జి కరెంటు హద్దు) 4 నుంచి 2 శాతం.
4. సమయం 3 నుంచి 5 నిమిషాలు.

ఏప్రిల్ మొదటి వారమంతా గ్రాఫు చూశాను. నకిలీ గెంతు మళ్లీ రాలేదు.

దశ 5: లోడ్లు కోసే మొదటి ప్రయత్నం (20 ఏప్రిల్ – 19 మే)

వోల్టేజీ చూసి రిలే తెరిచే చిన్న మాడ్యూల్ ఒకటి 650 రూపాయలకు తెచ్చాను. 12.0 దగ్గర కోయాలి, 12.8 దగ్గర కలపాలి. రెండు అంకెలూ తప్పే.

మాడ్యూల్‌ను బ్యాటరీకి 3 మీటర్ల దూరంలో, స్విచ్‌బోర్డు పక్కన పెట్టాను. వైరు 4 చదరపు మిల్లీమీటర్లు. రానూ పోనూ 6 మీటర్లు, నిరోధం సుమారు 0.026 ఓమ్. మందు కొట్టే పంపు, ఫ్యాను, లైట్లు కలిసి 18 ఆంపియర్లు లాగితే దారిలోనే 0.47 వోల్టులు పోతాయి. మాడ్యూల్ చూసేది బ్యాటరీని కాదు, వైరు చివరను. పంపు నడిస్తే ఒక లెక్క, ఆగితే ఇంకో లెక్క.

ఇక 12.8. మే 11 రాత్రి పరీక్ష కోసం ప్యానెల్ ఎంసీబీ (బ్రేకరు స్విచ్) దించి బ్యాటరీని ఖాళీ చేస్తూ కూర్చున్నాను. మాడ్యూల్ కోసింది. లోడు పోగానే వోల్టేజీ తేరుకుని 12.83కు ఎక్కింది. మాడ్యూల్ కలిపింది. మళ్లీ పడింది, మళ్లీ కోసింది. టక్కు టక్కుమని రిలే కొట్టుకుంటుంటే రూటర్ లైట్లు ఆరుతూ వెలుగుతూ ఉన్నాయి. పది నిమిషాల్లో నలభై సార్లకు పైగా. నేను అక్కడ లేకపోయి ఉంటే తెల్లవారేవరకు అదే సాగి, బ్యాటరీలో మిగిలినది కూడా ఊడ్చుకుపోయేది.

నేర్చుకున్నవి రెండు. కొలిచే తీగ బ్యాటరీ టెర్మినల్ నుంచే విడిగా రావాలి. తిరిగి కలిపే హద్దు ఛార్జి అవుతున్నప్పుడు మాత్రమే చేరగల అంకె కావాలి. విశ్రాంతిలో ఈ బ్యాటరీ 13.3 దాటి ఎక్కాలంటే బాగా నిండి ఉండాలి. కోసిన తర్వాత దానంతట అది అక్కడికి రాదు. అందుకే 13.35 ఎంచుకున్నాను.

ఇప్పటిదాకా ఖర్చు: 19,880.

దశ 6: కోసిన తర్వాత ఏమవుతుంది (జూన్ – ఆగస్టు)

నా దృష్టిలో ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యమైన దశ ఇదే. చాలామంది "ఎక్కడ కోయాలి" అని అడుగుతారు. కోసిన తర్వాత మిగిలిన నిల్వ ఎన్ని రోజులు నిలుస్తుందన్నది అసలు ప్రశ్న. డిసెంబరులో మా సెల్ చచ్చిపోయింది కోతకు ముందు కాదు, కోత తర్వాతే.

మానిటర్ రిలేతో 20 శాతం దగ్గర కోయించాలని కారులో వాడే మామూలు రిలే ఒకటి కలిపాను, 180 రూపాయలు. ఎప్పుడూ కాయిల్‌కు (రిలేను లాగే తీగచుట్టకు) కరెంటు ఎందుకని, లోడ్లను మామూలుగా మూసి ఉండే కాంటాక్టుల మీదుగా ఇచ్చాను. కోయాల్సినప్పుడే కాయిల్ పనిచేస్తుంది. పొదుపుగా ఉందనిపించింది. కాయిల్ నిరోధం 85 ఓమ్‌లు, 12.8 వోల్టుల దగ్గర 0.15 ఆంపియర్లు, రోజుకు 3.6 ఏహెచ్. కోత పడిన క్షణం నుంచి, అంటే బ్యాటరీకి ఒక్క చుక్క కూడా ఖర్చు కాకూడని సమయంలోనే, రిలే తాగడం మొదలుపెడుతుంది. 20 శాతంలో మిగిలిన 18.8 ఏహెచ్ ఐదు రోజుల్లో అయిపోతుంది. రిలే తీసేశాను.

దాని బదులు కదిలే భాగాలు లేని ఎలక్ట్రానిక్ డిస్‌కనెక్టర్ కొన్నాను, 4,300. దాని వాడకం 2 మిల్లీ ఆంపియర్లు. అన్ని లోడ్లూ ఆపి మళ్లీ కొలిచాను.

బీఎంఎస్: 9 మిల్లీ ఆంపియర్లు
మానిటర్: 2 (మొత్తం 11)
కంట్రోలర్, రాత్రి వేళ: 18 (మొత్తం 29)
డిస్‌కనెక్టర్: 2 (మొత్తం 31)

31 మిల్లీ ఆంపియర్లు రోజుకు 0.74 ఏహెచ్.

జూలై 13న ప్యానెల్ ఎంసీబీ దించి, 20 శాతం దగ్గర డిస్‌కనెక్టర్‌ను చేత్తో ఆపి, 12 రోజులు వదిలేశాను. బాబాయికి చిన్న అత్యవసర లైటు ఇచ్చి వచ్చాను. రోజూ సాయంత్రం ఫోను చేసేవాణ్ని.

"ఎంత చూపిస్తోంది బాబాయ్?"

"ఇరవై."

"నిన్నటిలాగేనా?"

"మొన్నటిలాగే. మీటరు పనిచేస్తోందా అసలు?"

ఆయన అనుమానమే నిజం. 12 రోజుల తర్వాత కూడా 20. వెళ్లి ఛార్జి పెట్టాను. 20 నుంచి నిండడానికి సుమారు 76 ఏహెచ్ పట్టాలి. 85 పట్టింది. 9 ఏహెచ్ ఎవరికీ తెలియకుండా పోయింది. 31 మిల్లీ ఆంపియర్లు, 288 గంటలు, 8.9. లెక్క సరిగ్గా కుదిరింది.

కారణం మానిటర్ మెనూలో కరెంట్ థ్రెషోల్డ్ అనే వరస. ఫ్యాక్టరీ విలువ 0.10 ఆంపియర్లు. అంతకంటే తక్కువ కరెంటును అది సున్నా కింద లెక్కిస్తుంది. పెద్ద షంట్ మీద చిన్న కరెంటు కొలవడం కష్టం కాబట్టి అలా పెడతారు. 20 మిల్లీ ఆంపియర్లకు ఈ షంట్ మీద వచ్చేది 2 మైక్రోవోల్టులే. అందుకే ఈ వరుసలో చేశాను:

1. షంట్ లోడు వైపు వైర్లన్నీ విప్పేశాను.
2. మెనూలో సున్నా కాలిబ్రేషన్ చేశాను. అంతకు ముందు ఏమీ లేకుండానే 0.03 చూపించేది.
3. థ్రెషోల్డ్‌ను 0.01కి దించాను.
4. వైర్లు తిరిగి కలిపాను. 0.02 చూపించింది.

కొలిచింది 31, చూపించింది 20. మిగతా 11 షంట్‌కు ఎప్పటికీ కనిపించవు. బీఎంఎస్ షంట్‌కు ముందే, బ్యాటరీ లోపలే కూర్చుని తింటుంది. మానిటర్ తన కరెంటును కూడా షంట్ ఇవతల నుంచే తీసుకుంటుంది. దీనికి మందు లేదు. రోజుకు 0.26 ఏహెచ్ తేడా వస్తుందని తెలిసి ఉండటం, బ్యాటరీని తరచు పూర్తిగా నింపి అంకెను సరిచేయడం, అంతే. మీ లోడ్లు 60 ఆంపియర్లు దాటకపోతే 100 ఆంపియర్ల షంట్ ఉన్న మానిటర్ ఎంచుకోండి. అదే కరెంటుకు ఐదింతల సంకేతం వస్తుంది.

ఇప్పటిదాకా ఖర్చు: 24,360.

దశ 7: మూడు మెట్లు (31 ఆగస్టు – 15 సెప్టెంబరు)

ఛార్జి శాతాన్ని మాత్రమే నమ్మితే లెక్క జారుతుంది. వోల్టేజీని మాత్రమే నమ్మితే లోడును బట్టి అబద్ధం చెబుతుంది. రెండో దశలో రాసిన పట్టిక ఇక్కడ పనికొచ్చింది. ఆ వోల్టేజీలన్నీ 1.3 ఆంపియర్ల లోడు మీద కొలిచినవి. పెద్ద లోడ్లను ముందుగా తీసేస్తే మిగిలేది చిన్న లోడ్లే. అప్పుడు వోల్టేజీ నమ్మదగినదవుతుంది.

మొదటి మెట్టు, 40 శాతం, మానిటర్ రిలే: ఇన్వర్టర్, ఫ్యాను, పంపు ఆగుతాయి. 60 శాతం దగ్గర తిరిగి వస్తాయి. ఇన్వర్టర్ బ్యాటరీ కేబుల్‌ను కోయలేదు. లోపలి కెపాసిటర్లు కలిపిన ప్రతిసారీ పెద్ద కరెంటు గుంజుతాయి, కాంటాక్టులు అతుక్కుపోతాయి. ముందు వైపు ఉన్న చిన్న స్విచ్ తీగల్లోనే రిలేను పెట్టాను. ఫ్యాను, పంపులకు విడి రిలే. దాని కాయిల్ లోడు ఉన్నంతసేపే పనిచేస్తుంది, కోతలో కాదు.

రెండో మెట్టు, 12.85 వోల్టులు, 90 సెకన్ల ఆలస్యంతో, డిస్‌కనెక్టర్: కెమెరాలు, రూటర్, లైట్లు ఆగుతాయి. 13.35 దగ్గర తిరిగి వస్తాయి. మిక్సీ నడిచే నిమిషంలో వోల్టేజీ 12.7కు పడుతుంది కాబట్టి ఆ ఆలస్యం అవసరం.

మూడో మెట్టు, ఏదైనా సెల్ 2.8 వోల్టులు, బీఎంఎస్: చివరి తలుపు. ఇది ఒక్కసారి పడినా పై రెండూ విఫలమయ్యాయనే అర్థం.

కంట్రోలర్ ఈ మెట్లలో దేని వెనకా లేదు. నేరుగా బ్యాటరీకే, షంట్ మీదుగా. ఎండ వస్తే దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

నిల్వ లెక్క: రెండో మెట్టు దగ్గర మిగిలేది 15 శాతం, 14.1 ఏహెచ్. రోజుకు 0.74 చొప్పున 19 రోజులు, ఎండ చుక్క లేకపోయినా.

దశ 8: వాన పరీక్ష (14 – 20 అక్టోబరు 2024)

బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడి అక్టోబరు 17 తెల్లవారుజామున చెన్నైకి ఉత్తరంగా తీరం దాటింది. మా తోట దాదాపు దాని దారిలోనే ఉంది. నేను చెన్నైలో వానలో చిక్కుకుని వెళ్లలేకపోయాను. కింద ఉన్నవి తర్వాత మానిటర్ చరిత్ర నుంచి, బీఎంఎస్ నుంచి తీసుకున్నవి.

14వ తేదీ సాయంత్రం 6: 100 శాతం.
15వ తేదీ సాయంత్రం 6: ప్యానెల్ నుంచి 9 ఏహెచ్, 54 శాతం.
15వ తేదీ రాత్రి 9: 40 శాతం, మొదటి మెట్టు పడింది.
16వ తేదీ: ప్యానెల్ నుంచి 6 ఏహెచ్. సాయంత్రం 5.30కి 12.85 వోల్టులు, రెండో మెట్టు పడింది. మానిటర్ ఆ క్షణంలో చూపించింది 15 శాతం. అన్నిటికంటే తక్కువ ఉన్న సెల్ 3.20 వోల్టులు.
17వ తేదీ: ప్యానెల్ నుంచి 11 ఏహెచ్, అంతా బ్యాటరీకే. 26 శాతం.
18వ తేదీ ఉదయం 10.40: 13.35 దాటింది, రెండో మెట్టు తిరిగి కలిసింది. రిలే కొట్టుకోలేదు.
19వ తేదీ: 60 దాటి ఫ్యాను తిరిగింది.
20వ తేదీ మధ్యాహ్నం: 14.0 వోల్టులు, కరెంటు 2 శాతం లోపు, 5 నిమిషాలు. మానిటర్ 98 నుంచి 100కు సరిచేసుకుంది.

శాతం, వోల్టేజీ రెండూ ఒకే చోట కలవడం ఇదే మొదటిసారి. 12.85 పక్కన 15 అన్న అంకెను ఫోటో తీసి పెట్టుకున్నాను.

బాబాయి ఫిర్యాదు మాత్రం న్యాయమైనది. 16వ తేదీ రాత్రంతా, 17వ తేదీ రాత్రంతా ఆయన చీకట్లో ఉన్నారు. "ఆ రెండో కెమెరా చూసేది పశువుల పాకను. వానలో పాకకు ఎవరు వస్తారురా? దాన్ని ఆపి నాకు లైటు ఇవ్వు" అన్నారు.

27న వెళ్లి రెండో కెమెరా వైరును మొదటి మెట్టులోకి మార్చాను. 40 శాతం తర్వాత 0.42 ఆంపియర్లు ఆదా. ఇవే వానల్లో రెండో మెట్టు సాయంత్రం 5.30కి బదులు రాత్రి తొమ్మిదిన్నర దగ్గర పడుతుంది. చిన్న లోడు 1.3 నుంచి 0.88కి తగ్గింది కాబట్టి 12.85 అన్న అంకె ఇప్పుడు 15 శాతానికి కాస్త కిందకు జారి ఉంటుంది. ఆ లోడుతో పట్టికను మళ్లీ కొలవాలి. ప్యానెల్ ఎంసీబీ దించి బల్బుల చెక్క బయటకు తీశాను.

ఇప్పటిదాకా ఖర్చు: 24,360.